లోపలి మడత

తోడికోడలు మెట్లు దిగే చప్పుడులోనే ఏదో తేడా ఉంది. మామూలుగా అయితే చెప్పులు టపటపలాడించుకుంటూ, సగం మెట్ల మీంచే టీ అయిందా అని అడుగుతూ దిగుతుంది. ఇవాళ ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతోంది. కుట్టత్త మాత్రం మిషను ఆపలేదు. చేతి కింద ఉన్న భుజం కుట్టు చివరికంటా లాగి, దారం తెంపి, అప్పుడు తలెత్తింది.

ఆవిడను వీధి పిల్లలంతా కుట్టత్త అంటారు. మిషను కుడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని పెద్దవాళ్ళు అనుకుంటారు. కొలతలు తీసేటప్పుడు కదిలితే గుండుసూదితో కుడతానని బెదిరిస్తుంది కాబట్టి వచ్చిందని పిల్లల వాదన. ఏదైతేనేం, ఇప్పుడు సొంత భర్త కూడా ఫోన్లో ఆవిడ నంబరును ఆ పేరుతోనే దాచుకున్నాడు.

"తిరిగి పంపిస్తున్నారక్కా" అంది తోడికోడలు. "నీలం గౌను. ఆరేళ్ళ సైజుది."

ఫోను ముందుకు చాపింది గానీ కుట్టత్త దాన్ని అందుకోలేదు. అందుకున్నా ఆ భాష రాదు. తోడికోడలే చదివి చెప్పింది. కొన్నావిడ సముద్రాల అవతల ఏదో ఊళ్ళో ఉంటుంది. గౌను అంచు మరీ మందంగా ఉందట. లోపల పనికిరాని గుడ్డ బోలెడు మడిచి ఉందట. అది కుట్టులో లోపమట. గౌను వాడలేదట, డబ్బు వాపసు కావాలట.

ఆన్‌లైన్ షాపులో వాళ్ళ పేరు పక్కన అప్పుడే ఒక ఎర్ర చుక్క పెట్టేశారు. గౌను వెనక్కి వచ్చాక తప్పు ఎవరిదో తేలేదాకా అది అలాగే ఉంటుంది. ఇంకో దేశంలో పిల్లల బట్టల కొట్టు నడిపే ఆవిడ ఒకరు అరవై గౌన్లకి ఆర్డరు ఇస్తానని నెల రోజులుగా మాట్లాడుతోంది. ఆవిడ రోజూ చూసే చోటు సరిగ్గా అదే. తోడికోడలు అదంతా చెప్పి, గోడకి ఆనుకుని, చుక్కని వేలితో తుడిచేస్తే పోతుందేమో అన్నట్టు ఫోను అద్దం మీద రుద్దింది.

"పిల్లకి సరిపోయిందటా?" అని అడిగింది కుట్టత్త.

"వాడలేదంటుంటే సరిపోవడం ఏమిటక్కా?"

"వేసయినా చూసుంటారుగా."

"చూస్తే మాత్రం అదంతా ఎవరు రాస్తారు? నువ్వు ప్రతిసారీ ఇదే అడుగుతావు."

నిజమే. గౌన్లు బయటి దేశాలకి వెళ్ళడం మొదలైనప్పటి నుంచీ ఆవిడ అడిగేది అదొక్కటే. నక్షత్రాలు వస్తాయి. బాగుందని రాస్తారు. త్వరగా వచ్చిందని, రంగు ఫొటోలో ఉన్నట్టే ఉందని రాస్తారు. ఒకసారి ఎవరో ఫొటో కూడా పెట్టారని తోడికోడలు పై నుంచి కేకేస్తే, కుట్టత్త కళ్ళద్దాలు వెతుక్కుని మరీ చూసింది. హ్యాంగరుకి తగిలించి, తలుపు మీద వేలాడదీసిన గౌను. వెనకాల తలుపు చాలా మంచి తలుపు.

గదిలో కిటికీ పక్కన ఒక బొమ్మ నిలబడి ఉంటుంది. తల లేదు, చేతులు లేవు. ఒంటి కింద ఇనప కడ్డీ, కడ్డీకి ఒక మర. మర తిప్పితే ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. ఫొటోల కోసం తోడికోడలు తెప్పించింది. వీపు వెనక పిన్నులు గుచ్చి బిగిస్తే ఏ సైజు గౌనైనా దానికి అమరినట్టే కనిపిస్తుంది. ఎన్ని పిన్నులు గుచ్చినా కదలదు. టేపు చల్లగా తగిలిందని మెలికలు తిరగదు. కొలత మధ్యలో కిందికి వంగి తన కాలి బొటనవేలు చూసుకోదు. అది వచ్చిన కొత్తలో కుట్టత్త అలవాటుకొద్దీ "చెయ్యెత్తు" అనబోయి నాలిక్కరుచుకుంది.

"ఇక ఆ మడత వద్దక్కా" అంది తోడికోడలు. ఇప్పుడు గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "కొట్టు ఆవిడ కొలతలు పంపింది. అంచు ఒక్క సెంటీమీటరు. అంతకన్నా పిసరు కూడా ఉండకూడదంది."

"సెంటీమీటరంటే నా గోరంత."

"గోరంతే మడుచు."

కుట్టత్త తలూపింది. గౌను అంచు లోపల బెత్తెడు గుడ్డ మడిచి, పైకి కనపడకుండా కుట్టడం ఆవిడ పని మొదలుపెట్టిన నాటి నుంచీ ఉన్న పద్ధతి. భుజాల దగ్గర వేలెడు, పక్క కుట్లలో వేలెడు, అంచులో బెత్తెడు. పిల్ల పెరిగినకొద్దీ ఒక్కో కుట్టూ విప్పుకుంటూ పోతే గౌను మూడేళ్ళు వస్తుంది. ఈ వీధిలో అలా పెరిగిన గౌన్లు చాలానే ఉన్నాయి. తోడికోడలు పైకి వెళ్ళిపోయాక, పూర్తయిన గౌనొకటి తిరగేసి, ఆ మడతని బొటనవేలితో తడిమి చూసుకుంది. మందంగానే ఉంది. పనికిరాని గుడ్డ అన్న మాట ఆ మడత లోపలికి ఎక్కడో వెళ్ళి కూచుంది.

*

మర్నాటి నుంచి గోరంతే మడిచింది. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం ఆవిడకి తెలుసు. కత్తిరించేటప్పుడు మాత్రం చెయ్యి దానంతటదే కిందికి జరిగేది. సుద్దగీత దాటి బెత్తెడు అవతల కత్తెర పెట్టేది. గమనించి వెనక్కి తెచ్చుకుని, గీత మీదే కోసేది. కోసిన పేలికలు బల్ల కింద గోనెసంచిలో పడుతున్నాయి. సాయంత్రానికి సంచి సగం నిండింది. వాటితో దిండు చేసుకుంటే ఇద్దరు పడుకోవచ్చని భర్త అన్నాడు. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. పొద్దున షిఫ్టయితే సాయంత్రాలు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని వీధిని చూస్తుంటాడు, రోజంతా చూసింది చాలనట్టు.

ఆ సాయంత్రమే పక్కింటి పిల్ల పరుగెత్తుకొచ్చింది. చేతిలో పసుప్పచ్చ గౌను. స్కూల్లో ఏదో ఉందట, రేపే వేసుకోవాలట, పొట్టిదైపోయిందట, అమ్మ విప్పించుకు రమ్మందట. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పి, ఎవరూ చెప్పకుండానే స్టూలెక్కి నిలబడింది.

ఇప్పుడు వీధిలోవాళ్ళు కొత్తవి కుట్టించుకోవడం తగ్గింది. సెంటర్లో దొరికే రెడీమేడు గౌను ధరకి ఇక్కడ గుడ్డ కూడా రాదు. పాతవి విప్పించుకోడానికి మాత్రం వస్తారు.

"పోయినసారి ఇక్కడిదాకా ఉన్నావు" అంది కుట్టత్త, గాలిలో చెయ్యి పెట్టి చూపిస్తూ.

"లేదత్తా, అప్పుడు వంగున్నాను."

"ఎందుకు వంగావు?"

"నువ్వు సూది పట్టుకున్నావుగా."

కుట్టత్త నవ్వి, అంచు కుట్టు బ్లేడు మొనతో తెంపుతూ వచ్చింది. మడత కిందికి దిగింది. రెండేళ్ళు వెలుగు చూడని గుడ్డ కొత్త రంగుతో బయటపడింది. పైనదంతా ఉతికి ఉతికి వెలిసిపోయింది గనక ఆ మేరకి గీత గీసినట్టు ఉంది. పాత కుట్టు ఉన్నచోట సూది చుక్కలు వరసగా మిగిలాయి. కుట్టత్త వేలు తడి చేసుకుని, బొటనవేలి గోటితో ఆ చుక్కల మీద అటూ ఇటూ గీకింది. నూలు పోగులు మళ్ళీ దగ్గరికి జరిగి చుక్కలు మాయమవుతుంటే పిల్ల స్టూలు మీంచి వంగి చూసింది.

"పోయాయి!"

"ఇస్త్రీ పెడితే పూర్తిగా పోతాయి. కదలకు."

పిల్ల కదలకుండా ఉండటానికి పళ్ళు బిగించింది. మోకాలి మీద పుండు ఎండి కట్టిన పక్కు. కాళ్ళకి అంటిన మట్టి. కొత్త అంచు దాని మోకాలి కిందికి రెండు వేళ్ళు దిగిందో లేదో చూడటానికి కుట్టత్త నేల మీద చతికిలబడి, కాసేపు అలాగే ఉండిపోయింది. చూడాల్సినంత సేపటికన్నా ఎక్కువే చూసింది.

*

నీలం గౌను తిరిగి వచ్చిన రోజు తోడికోడలు ఇంట్లో లేదు. అట్టపెట్టెలు కొనడానికి వెళ్ళింది. మరిది పార్సిలు పట్టుకుని లోపలికొచ్చి, "వదినా, మీ నీలమ్మ అలిగి పుట్టింటికి వచ్చేసింది" అని మిషను బల్ల మీద పెట్టాడు. లోపల ఏముందో చూసి చెప్పమన్నాడు, మిగతాది సాయంత్రం చూద్దామన్నాడు. ఆయనకి ఇంకా పది పెట్టెలు అతికించే పని ఉంది.

కుట్టత్త చేతులు తుడుచుకుని కవరు విప్పింది. గౌను నీటుగానే మడిచి పెట్టారు. ముందు వాసన వచ్చింది. వాళ్ళింటి వాసన కాదు. ఏదో సబ్బు, దాంతోపాటు గదుల వాసన ఒకటి, వేరేవాళ్ళింటికి వెళ్ళినప్పుడు గుమ్మంలో తగిలేలాంటిది. ఆవిడ గౌనుని మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఎవరైనా చూశారేమోనని కిటికీ వంక చూసి, దించింది.

వెనక బొత్తాలు చూసింది. అన్నిటికన్నా పై బొత్తం దారం వదులైంది. మెడ అస్తమానం అటూ ఇటూ తిప్పే పిల్లలకి ముందు వదులయ్యేది అదే. జేబులో వేలు పెట్టింది. మూలల్లో గరగరమని తగిలింది. జేబు తిరగేసి అరచేతిలోకి దులిపితే బిస్కెట్ పొడి.

అప్పుడు గౌనుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అంచు వెలుతురుకి పట్టింది.

తన మడత తన మడతలాగే ఉంది. దానికి పైన, నాలుగు వేళ్ళ దూరంలో, సన్నటి చుక్కలు. ఇంకా పైన అలాంటివే ఇంకో వరస. రెండు వరసలూ ఒకదానికొకటి తోడుగా గౌను చుట్టూ తిరిగాయి. మిషను చుక్కలు కావవి. ఒకటి దగ్గరగా, ఇంకోటి దూరంగా, మధ్యలో కొంచెం కిందికి జారి మళ్ళీ సర్దుకుని, చేత్తో కుట్టిన చుక్కలు. ఒకచోట పక్క కుట్టులో ఇరుక్కుని గోధుమరంగు దారం ముక్క మిగిలింది. నీలం గౌనుకి గోధుమరంగు దారం. ఇంట్లో ఏది ఉంటే దాంతో కుట్టారన్నమాట.

ఆవిడ బొటనవేలు అలవాటుకొద్దీ తడి చేసుకోవడానికి నోటి దాకా వెళ్ళింది. వెళ్ళి, ఆగింది. ఆ చుక్కల్ని గీకడానికి మనసొప్పలేదు.

గౌనుని బొమ్మకి తొడిగింది. పై వరసా కింది వరసా కలిసేలా గుడ్డని మడిచి, పిన్నులు పెడుతూ చుట్టూ తిరిగింది. అంచు పైకి వచ్చింది. ఇప్పుడు మర వదులు చేసి, కడ్డీని మెల్లగా కిందికి దించింది. అంచు మోకాలి కింద రెండు వేళ్ళ దగ్గర పడాలి. ఏ తల్లయినా అక్కడికే మడుస్తుంది. దించి, చూసి, ఇంకాస్త దించి, మర బిగించింది. వెనక్కి జరిగి నిలబడింది.

ఇంత. పిల్ల ఇంత ఉంటుంది.

భుజాలు మిషను బల్లకి కొంచెం పైన. నాలుగేళ్ళు నిండి ఉంటాయేమో, అంతే. కుట్టత్త నేల మీద కూచుంది, స్టూలు మీద పిల్లలుంటే కూచున్నట్టే. బొమ్మ మెడ మీద, తల ఉండాల్సిన చోట, అరచెయ్యి బోర్లించి గాలిలో కాసేపు ఉంచింది.

ఎప్పుడూ కింది నుంచి గట్టిగా పిలవని మనిషి, తోడికోడలు గుమ్మంలో అడుగు పెడుతుంటేనే "ఇలా రా, ముందు ఇలా రా" అని పిలిచింది. తోడికోడలు పెట్టెల కట్ట అక్కడే వదిలేసి వచ్చింది.

కుట్టత్త ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోయింది. పిల్ల మెడ తిప్పుతూ ఉంటుందని, జేబులో బిస్కెట్లు దాచుకుందని, ఎత్తు ఇదుగో ఇంతని. "రెండు సైజులు పెద్దది తీసుకుని వాళ్ళమ్మ పైకి మడిచి కుట్టింది. చూడు, పాపం కుట్టు రాదు. అయినా చుట్టూ కుట్టింది."

తోడికోడలు ముందు గౌను వంకే చూసింది. తర్వాత ఆవిడ కళ్ళు మెల్లగా మారాయి. సంచీలోంచి ఫోను తీసింది.

"కదపకక్కా. అలాగే ఉంచు. ఆ చుక్కలు బాగా పడాలి, కాస్త వేలు పెట్టి చూపించు."

కుట్టత్త వేలు పెట్టింది. కింది వరస మీద ఒకసారి, పై వరస మీద ఒకసారి. దారం ముక్క దగ్గర ఇంకోసారి. జేబు తిరగేసి పట్టుకుంది. ఇన్నాళ్ళకి ఆ ఫోను చూడాల్సింది చూస్తోందని అనిపించి, వెలుతురు అడ్డం రాకుండా తనే పక్కకి జరిగింది కూడా.

*

రెండు రోజుల తర్వాత ఎర్ర చుక్క పోయింది. మరిది పెద్ద కేకు ముక్కలు నాలుగు కాగితంలో చుట్టించుకుని వచ్చాడు. సైటువాళ్ళు ఫొటోలు చూశారట. గౌను వాడి పంపారని తేల్చేశారట, డబ్బు వాపసు ఇవ్వక్కర్లేదన్నారట. కొట్టు ఆవిడ అరవైకీ సరేనంది. తోడికోడలు మొహం నెల రోజుల తర్వాత విప్పారింది. కుట్టత్త చెయ్యి పట్టుకుని ఊపి, ఇదంతా నీ కంటి చలవే అక్కా, నేనైతే గౌను మడిచి అల్మరాలో పడేసేదాన్ని అంది.

కుట్టత్త కేకు చేత్తో పట్టుకుని నిలబడింది. వాపసు ఇవ్వక్కర్లేదు అన్న మాట మిగతా మాటల వెనకాల నుంచి ఆలస్యంగా ఆవిడ దగ్గరికి చేరింది.

"ఆవిడేమంది?"

"ఎవరు?"

"పిల్ల తల్లి."

తోడికోడలు ఫోను పైకీ కిందికీ జరిపింది. ఏదో రాసింది, నిన్ననే వచ్చింది, చూశాను, పనికొచ్చేదేం కాదు అంది. చదవమంది కుట్టత్త. ఫోనే మన భాషలోకి మార్చి పెట్టింది. తోడికోడలు పైకి చదివింది.

"అర్థమైంది. పాప దాన్ని ఒంటి మీంచి తియ్యనివ్వలేదు."

అంతే రాసి ఉంది. సంతకం లేదు, తిట్టు లేదు. మరిది తన ముక్క పూర్తి చేసి చేతులు దులుపుకున్నాడు. తోడికోడలు అరవై గౌన్లకి గుడ్డ ఎప్పుడు తేవాలో మాట్లాడటం మొదలుపెట్టింది. కుట్టత్త కేకుని కాగితంతో సహా మిషను బల్ల మీద పెట్టి, ఇంకోసారి చదవమంది. విని, మిషను ముందు కూచుంది.

మర్నాడు పొద్దున భర్త డ్యూటీకి బూట్లు తొడుక్కుంటుంటే ఆయనకి చెప్పింది. ఎక్కువ చెప్పలేదు. ఎవరో పిల్ల, నా గౌను వేసుకుంది, ఇన్నాళ్ళకి తెలిసింది అని మాత్రం అంది. ఆయన లేసు ముడి వేస్తూ నవ్వాడు.

"నేను రోజూ బస్సునిండా జనాన్ని దింపుతాను. ఇల్లు చేరామని ఒక్కడైనా వచ్చి చెప్పాడా? దిగడంతో సరి."

"నీకు తెలుసుకోవాలని ఉండదా?"

ఆయన రెండో బూటు చేతిలో పట్టుకుని ఆలోచించాడు. "ఒక ముసలాయన ఉండేవాడు, దిగాక బస్సు అద్దంలోకి చూసి చెయ్యి ఊపేవాడు. ఈమధ్య కనపడ్డం లేదు" అన్నాడు. బూటు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ పూట కుట్టత్త మూడు గౌన్లు కత్తిరించింది. ఒక్కటీ కుట్టలేదు. బొమ్మ అదే ఎత్తులో నీలం గౌనుతో నిలబడి ఉంది. ఫొటోలో తన వేలు ఉంది. గోటి పక్కన సూది గుచ్చుకుని నల్లబడిన మచ్చతో సహా పడి ఉంటుంది. ఆ తల్లికి సైటువాళ్ళు ఆ ఫొటోలే చూపించి ఉంటారు.

మధ్యాహ్నం మెట్లెక్కి పైకి వెళ్ళింది. ఆవిడ పైకి వెళ్ళడం అరుదు. తోడికోడలు మంచం నిండా కవర్లు పరుచుకుని చిరునామాలు అతికిస్తోంది.

"ఆ గౌను వాళ్ళకి పంపేద్దాం."

తోడికోడలు ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత నిదానంగా చెప్పింది. వాపసు కుదరదన్నాక, గౌను మళ్ళీ కావాలంటే పోస్టు ఖర్చులు వాళ్ళే పెట్టుకోవాలి. అడిగాం, జవాబు లేదు. గడువు దాటితే ఇక మనిష్టం.

"నా కుట్టుకూలిలో పట్టుకో."

"డబ్బు కాదక్కా." తోడికోడలు చేతిలో చిరునామా కాగితం కింద పెట్టింది. "అబద్ధం చెప్పింది ఎవరు? నేనా? వాడి, వాడలేదని రాసింది. నీ కుట్టు లోపమని రాసింది. ఆ ఎర్ర చుక్క పడ్డాక నేను ఎలా ఉన్నానో నీకు తెలుసు. వాళ్ళకి తెల్లారే టైముకి నేను లేచి కూచుని ఒక్కొక్కళ్ళకీ సంజాయిషీ ఇచ్చుకున్నాను. ఇప్పుడు గౌను కూడా పంపితే, మనదే తప్పని ఒప్పుకున్నట్టు కాదూ?"

అందులో ఒక్క ముక్క కూడా కాదనడానికి లేదు. కుట్టత్త మంచం అంచున, కవర్లు నలక్కుండా కొంచెం చోటు చేసుకుని కూచుంది.

"అబద్ధమే చెప్పింది. కానీ తిరిగి పంపాలనుకునే మనిషి పిన్నీసులు పెడుతుంది. కుట్టదు. రెండు సైజులు పెద్దది తీసుకోదు. మూడేళ్ళు వెయ్యాలనే తీసుకుంది ఆ తల్లి. తర్వాత ఏ ఇబ్బందొచ్చిందో."

"అయితే?"

"నేను చూపించాను కదా. నువ్వు వేలు పెట్టమంటే పెట్టాను. నాకు సంతోషమై పెట్టాను."

తోడికోడలు కవర్ల వైపు తిరిగింది. అతికించిన కాగితం ఒకటి వంకరగా ఉంటే పీకి మళ్ళీ అతికించింది. అది ఇంకా వంకరగా పడింది. కింద వీధిలో పిల్లలు దేనికో అరుచుకుంటున్నారు. చివరికి ఫోను అందుకుంటూ, "కొట్టు ఆవిడ గౌన్లు మాత్రం గోరంతే" అంది.

"గోరంతే."

"మళ్ళీ చెప్తున్నా, ఆవిడ నక్షత్రం ఇస్తుందని కూడా అనుకోకు."

"నక్షత్రాలు నేనేం చేసుకోను?" అంది కుట్టత్త, లేస్తూ.

*

గౌనుని ఉతకలేదు. పై బొత్తం విప్పి గట్టిగా కుట్టింది. జేబు మూలలు బలంగా ఉండేలా రెండోసారి కుట్టేసింది. ఆ తల్లి వేసిన మడత ఎక్కడుందో సరిగ్గా అక్కడే, ఆ చుక్కల మీదే సూది గుచ్చుతూ, కచ్చా కుట్టుతో పైకి మడిచి కుట్టింది. ఒక కొస పట్టి లాగితే మొత్తం ఊడొచ్చేలా, ముడి బయటికి కనపడేలా వదిలింది. దారం కోసం డబ్బా అంతా వెతికి గోధుమరంగు రీలు తీసింది. కింద తన బెత్తెడు మడత తన చోటునే ఉంది. మందం తగ్గడానికి దాని మీద మాత్రం ఇస్త్రీ బాగా అదిమింది.

తోడికోడలు కవరులో పెడుతూ, ఏదైనా రాయమంటావా అని అడిగింది. ఏం రాయాలో కుట్టత్తకి తోచలేదు. వద్దంది.

ఆ తర్వాత ఆవిడ ఒక పని నేర్చుకుంది. మధ్యాహ్నం తోడికోడలు కునుకు తీసే వేళకి ఫోను కిందే వదిలి వెళ్ళమనేది. ఏ గుర్తు నొక్కాలో, ఆ తర్వాత ఏది నొక్కాలో, వేలు ఎంతసేపు ఉంచాలో రెండు రోజుల్లో పట్టుబడింది. మొదట్లో గట్టిగా నొక్కేది, బొత్తం అదిమినట్టు. అలా కాదక్కా, తాకు చాలు, అది నీ పాత మిషను కాదు అని నవ్వింది తోడికోడలు. పార్సిలు ఎక్కడుందో ఆ అద్దం మీద పడుతుంది. ఏదో ఊరి పేరు, దాని కింద గీత, గీత చివర ఒక చుక్క. పేర్లు ఆవిడ చదవలేదు. గీత పొడుగవుతోందా లేదా అని మాత్రం చూసేది. కొన్ని రోజులు అది ఒకేచోట ఆగిపోయేది. అలాంటి రోజుల్లో మిషను కూడా మందకొడిగా నడిచేది. మరిది, "వదినా, నీలమ్మ ఎక్కడిదాకా వెళ్ళింది?" అని వస్తూ పోతూ అడిగేవాడు.

ఒకరోజు గీత చివర చుక్క పచ్చగా మారింది. ఇదేమిటని అడగడానికి కుట్టత్త మెట్ల దాకా వెళ్ళింది. తోడికోడలు నిద్రకళ్ళతో చూసి, "అందింది" అంది.

"ఎవరికి?"

"గుమ్మం దగ్గర ఇచ్చారని ఉంది. అంతే ఉంటుందక్కా. ఎవరు తీసుకున్నదీ ఉండదు."

ఆ రోజు ఇంకేమీ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ తర్వాత కూడా కుట్టత్త మధ్యాహ్నాలు ఫోను తీసి ఆ పచ్చ చుక్కని చూసేది. చూసి, మూసి, గోరంత అంచులు మడుచుకునేది. కొట్టు ఆవిడ గౌన్లు నలభై దాటాయి. తోడికోడలు వాటి కుట్టు చూసి, మిషను కన్నా తిన్నగా ఉందని మెచ్చుకుంది. నిజంగానే బాగున్నాయి. పేలికల సంచి రెండోది మొదలైంది.

ఫొటోలకి వేళైనప్పుడు తోడికోడలు బొమ్మ దగ్గరికి వెళ్ళి మర మీద చెయ్యి వేసింది.

"దీన్ని ఇంత కిందికి ఎవరు దించారు? ఎనిమిదేళ్ళ సైజు తియ్యాలి."

"తీసుకో. తీశాక మళ్ళీ అక్కడే పెట్టు. గీత గీసి ఉంచాను."

కడ్డీ మీద సుద్దతో సన్నటి గీత ఉంది. తోడికోడలు దాన్ని చూసి, చెరిగిపోకుండా వేలు పక్కకి జరిపింది. ఫొటోలు తీసుకుని, బొమ్మని జాగ్రత్తగా గీత దాకా దించి, మర బిగించి పైకి వెళ్ళింది.

కుట్టత్త చేతిలో అంచు పూర్తి చేసి దారం తెంపింది. లేచి బొమ్మ ముందు చతికిలబడింది. పార్సిలు వెళ్ళి ఎన్నాళ్ళయిందో మనసులోనే లెక్కేసుకుంది. తడి వేలితో సుద్దగీత చెరిపేసి, మర కాస్త వదులు చేసి, కడ్డీని వెంట్రుకవాసి పైకెత్తి, మళ్ళీ బిగించింది.